అడుగు దుంగ మార్చేలోపు

బావ తన పడవను తాకట్టు పెట్టింది కూలీవాళ్లను ఓడెక్కించడానికి. ఈ సంగతి ముందే చెప్పకపోతే తరువాత జరిగినదంతా ఎవరో దుబారా మనిషికి పట్టిన గతిలా కనిపిస్తుంది. బావ దుబారా మనిషి కాదు. బీడీ సగం కాల్చి ఆర్పేసి, మిగతా సగం చెవి మీద పెట్టుకునేవాడు.

మాది సముద్రం అవతలి దీవుల్లో బతు బస్తీ. మా నాన్నల తరం శ్రీకాకుళం సముద్రం వైపు నుంచి వలలు కట్టుకుని ఓడెక్కి వచ్చి ఇక్కడ దిగింది. బావ అంటే మా అక్క భర్త. వేట తప్ప వేరే ఆధారం లేదు. వేటకు వాడే చెక్క పడవను ఇక్కడ డుంగీ అంటారు. బావ డుంగీని పడౌక్ అనే ఎర్రటి గట్టి కర్రతో అతని తండ్రి చేయించాడు. తండ్రి పోయాక బావకు మిగిలిన ఆస్తి అదే.

వానాకాలం నెలల్లో సముద్రంలోకి వెళ్లడానికి ఉండదు. ఆ నెలల్లో బావ మేస్త్రీల దగ్గర రాయి పేర్చే పనికి పోయేవాడు. డెబ్బయ్యో దశకం అది. తూర్పు బెంగాల్ నుంచి తెచ్చి భూములిచ్చి కూర్చోబెట్టిన కుటుంబాల కోసం దీవుల్లో ఎటు చూసినా బళ్లూ, ఆసుపత్రులూ, గిడ్డంగులూ లేస్తున్నాయి. పని ఎక్కువ, పట్టేవాళ్లు తక్కువ. ఫెరార్గంజ్ దాటాక, ఉప్పుకాలువ ఒడ్డున ఉన్న ఒక కొత్త ఊళ్లో చిన్న డిస్పెన్సరీ కట్టే పనికి బావ టెండరు వేశాడు. వచ్చింది.

ఆ టెండరుకు లెక్కలు వేసింది నేను. ఐదో తరగతితో బడి మానేసినవాణ్ని. దుకాణాల్లో చిట్టాలు రాస్తూ, మేస్త్రీల పక్కన నిలబడి ఘనపుటడుగులు కట్టడం చూస్తూ లెక్క పట్టుకున్నాను. ఇప్పుడు యాభైకి దగ్గర పడ్డాను. చిన్న కాంట్రాక్టర్లకు బిల్లులు సరిచూసి పెట్టడమే నా బతుకు. కానీ చేతిలోకి బిల్లు కాగితం వచ్చినప్పుడల్లా నాకు ముందు గుర్తొచ్చేది బావ డుంగీ.

పని కోసం బావ మా పాత ఊరి వైపు నుంచి ఇరవైమంది దాకా ఆడామగా కూలీలను రప్పించాడు. ప్లానులో పునాది లోతు నాలుగడుగులు. అక్కడ నేల చూస్తే నల్ల బురద. నాలుగడుగుల దగ్గర గునపం దింపితే పిడి దాకా దిగిపోయింది. తవ్వుతూ పోతే ఏడడుగులకు కాస్త తక్కువలో గట్టి నేల తగిలింది. అంత లోతు నుంచీ రాయి పేర్చుకురావాలి.

పునాది నింపేముందు కొలతలు రాసే చిన్న ఇంజనీరు వచ్చి లోతు చూసి పుస్తకంలో ఎక్కించుకోవాలి. అందరూ అతన్ని జేఈ సాబ్ అనేవారు. నింపేశాక నేలలో ఏముందో ఎవరికీ కనపడదు కాబట్టి, పుస్తకంలో ఉన్నదే లోతు అవుతుంది. పొద్దున్నే వస్తానని జేఈ సాబ్ కబురు పెట్టాడు. ఆ ధైర్యంతో మావాళ్లు తెల్లవారగానే గోతిలో పసుపు నీళ్లు చల్లి కొబ్బరికాయ కొట్టేశారు.

చేసిన పొరపాటు అదే. కాయ కొట్టిన గోతిని తెరిచి ఉంచి రాత్రి పడుకోకూడదన్నది మా సముద్రంవాళ్ల పట్టింపు. కాయ కొట్టకుండా ఉంటే మూడు రోజులైనా ఆగేవాళ్లు. మధ్యాహ్నమైంది. జీపు జాడ లేదు. కూలీల్లో పెద్దావిడ గోతి అంచున కూర్చుని మొదలుపెట్టింది.

"ఇంకేటి సూస్తన్నావు? నింపీండి."

"జేఈ సాబ్ రాలేదు గదే పెద్దమ్మా," అన్నాడు బావ.

"రాకపోతే రేపొస్తాడు. పసుపు నీళ్లు తాగిన గొయ్యి రాతిరంతా నోరు తెరుసుకునుంటే మనిసిని అడుగుతాది. మనలో ఎవుడైనా అందులో పడితే నీ సాబొచ్చి తీస్తాడేటి?"

"కొలత రాయించుకోవాలి."

"నీ కొలత కోసం నా కొడుకునిచ్చీమంటావా?"

అందరూ నవ్వారు. నవ్వుతూనే రాళ్ల తట్టలెత్తారు. బావ కూడా నవ్వాడు. చీకటిపడే వేళకు గొయ్యి కనపడకుండా పోయింది.

మర్నాడు మధ్యాహ్నం జేఈ సాబ్ వచ్చాడు. ఉత్తరాది కుర్రాడు, మంచివాడే. జీపు దారిలో చెడిపోయిందట. నింపేసిన పునాది చూసి నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"అరే భయ్యా, భర్ దియా?"

"నింపీసినాం సాబ్. రాత్రికి తెరిసి ఉంచకూడదు మాకు."

"ఇప్పుడు నేను ఏం కొలవాలి? తుమ్హారా సిర్? నీ తలకాయా?"

కాసేపు అటూ ఇటూ తిరిగి, ఇనప ఊచ దింపి చూసి, రాయి తగిలేసరికి వదిలేశాడు. ప్రస్తుతానికి ప్లానులో ఉన్న నాలుగడుగులే రాస్తాననీ, మిగతాది చివరి బిల్లులో చూసుకుందామనీ అన్నాడు. బావ సరేనన్నాడు. చివరి బిల్లు అంటే పని అయిపోయిన మర్నాడు వచ్చేదని అతని నమ్మకం. నా నమ్మకమూ అదే.

డిస్పెన్సరీ లేచింది. మధ్యలో బిల్లులు వచ్చాయి, వచ్చినవి వచ్చినట్టే సిమెంటుకీ కర్రకీ కూలీకీ పోయాయి. తాళంచెవులు అప్పగించాక కూలీలకు కొన్ని వారాల కూలి మిగిలిపోయింది. అది చివరి బిల్లులో నుంచి ఇవ్వాలి. ఓడ వచ్చి రేవులో ఆగింది. ఆ ఓడ పోతే మళ్లీ ఎప్పుడో చెప్పలేం. కూలీలు మూటలు కట్టుకుని మా వాకిట్లో కూర్చున్నారు.

"బాకీ పెట్టి పంపుతానా వీళ్లని? ఊళ్లో నా మొహానికి ఏటి మిగులుతాది?" అన్నాడు బావ అక్కతో.

"మరేటి సేస్తావు?"

"డుంగీ ఉంది గదా. బిల్లొచ్చీదాకా."

మా వాడలో పెద్ద వేటగాడు మాకు చిన్నాన్న వరస. డబ్బు ఆయనే ఇచ్చాడు. మావాళ్లలో పడవ తాకట్టుకు వడ్డీ ఉండదు. దొరికిన చేపను పంచేటప్పుడు మనుషులకు తలో పాలు, వలకు ఒక పాలు, పడవకు ఒక పాలు తీస్తారు. తాకట్టు ఉన్నన్నాళ్లూ పడవ పాలు డబ్బిచ్చి తాకట్టు పట్టినవాడిది. డబ్బు కట్టిన రోజున పడవ తిరిగి ఇచ్చేస్తాడు. కానీ ఒక షరతు ఉంది. పడవ అడుగున, ఈ కొస నుంచి ఆ కొసకు వెన్నెముకలా ఉండే దుంగ చెడితే, దాన్ని ఎవరు మార్పిస్తే పడవ వాళ్లదైపోతుంది. పలకలు ఎన్ని మార్చినా అది బాగుచేయడమే. అడుగు దుంగ మారిస్తే పడవ మళ్లీ పుట్టినట్టు. ఆ ఇంటి కోడలు పసుపు రాసి, హారతిచ్చి, నీళ్లలోకి దింపుతుంది. పాత బాకీ, పాత యజమాని, రెండూ అక్కడితో సరి.

ఆ రోజు ఈ షరతు గురించి ఎవరూ మాట్లాడలేదు. దుంగ గట్టిగా ఉంది. బిల్లు రావడానికి మహా అయితే ఒక వేట కాలం పడుతుందనుకున్నాం. కూలీలు ఓడెక్కారు. పెద్దావిడ బావ తల నిమిరి, "నీ సెయ్యి సల్లగుండాల," అని మెట్లెక్కింది.

తరువాత బావ తన డుంగీలోనే చిన్నాన్న కింద వేటకు పోసాగాడు. చుక్కాని చిన్నాన్న చేతిలో, బావ ముందు కొసన. ఒడ్డుకు వచ్చాక ఇసుక మీద చేపలు పాళ్లు వేస్తుంటే, బావ ఒక్క మనిషి పాలు గిన్నెలో వేసుకుని ఇంటికి వచ్చేవాడు. అక్క ఆ గిన్నె అందుకునేటప్పుడు లోపలికి చూసేది కాదు.

నేను ఆఫీసు చుట్టూ తిరిగాను. సర్కారు పనుల ఆఫీసు డెలానీపూర్‌లో. అక్కడ బిల్లుల గుమాస్తా మన తెలుగాయనే. ఆదివారం తెలుగు ఆరాధనలో పాటలు పాడించేవాడు, గొంతు అందుకే ఎప్పుడూ కొంచెం బొంగురు. నన్ను చూడగానే బల్ల కింద నుంచి ముక్కాలిపీట లాగి ఇచ్చేవాడు.

"తమ్ముడూ, మీ బావ ఫైలుకి నాకంటే ఎక్కువ సెలవులు దొరుకుతున్నాయి."

"ఇప్పుడు ఎక్కడుంది అన్నా?"

"కొలత దగ్గరే. పుస్తకంలో నాలుగు, మీ బిల్లులో ఏడు. మధ్యలో మూడడుగుల గొయ్యి. అందులో పడిపోయింది."

అతని నవ్వులో ఎగతాళి లేదు. మాకు పనికొచ్చేది ఏదైనా ఉంటే అతనే ముందు చెప్పేవాడు. లోతు చూసినవాళ్ల చేత సాక్ష్యం రాయించమన్నాడు. చూసినవాళ్లంతా డబ్బు పుచ్చుకుని ఓడెక్కి వెళ్లిపోయారు. పునాది నింపింది తన కళ్ల ముందు కాదు కాబట్టి జేఈ సాబ్ రాయలేనన్నాడు. అది అబద్ధం కూడా కాదు.

ఒకసారి ఆఫీసువాళ్లు దారి ఒకటి చూపించారు. నాలుగడుగులకే ఒప్పుకుని, ఇంకేమీ రావలసినది లేదని సంతకం పెడితే నెలలోపే డబ్బు ఇచ్చేస్తామన్నారు. ఆ రాత్రి అన్నాల దగ్గర బావ అడిగాడు.

"సంతకం పెట్టీస్తే డుంగీ వచ్చీస్తాదా?"

లెక్క అప్పటికే వేసి ఉంచాను. పునాది రాయి పోతే, సిమెంటు దుకాణం బాకీ తీరాక చేతికొచ్చేది తాకట్టు సొమ్ములో మూడింట రెండు వంతులు.

"రాదు బావా. మూడో వంతు తగ్గుతుంది."

"అయితే పెట్టను."

ఇంకొకరి దగ్గర చేబదులు అడగడానికి లేదు. అడగదగ్గ వాళ్లందరి దగ్గరా పని నడిచేటప్పుడే అడిగేశాడు.

ఆ వానలు పోయి మరో వానలు వచ్చాయి. జేఈ సాబ్ వేరే దీవికి బదిలీ అయ్యాడు. కొత్తగా వచ్చినాయన ఫైలు మొదటి నుంచీ చదివి, ఒక మూల గోడ పక్కన తవ్వి చూపిస్తే లోతు కొలుస్తానన్నాడు. బావకు అది మింగుడు పడలేదు. మూసిన పునాదిని మళ్లీ తెరవడం మాలో లేదు. చాలా రోజులు ఒప్పుకోలేదు. చివరికి ఒప్పుకున్నాక, రోగులు వచ్చే చోట తవ్వడానికి ఆసుపత్రి పెద్దల అనుమతి కావాలన్నారు. దానికి మరికొన్ని నెలలు పోయాయి.

సరిగ్గా అనుమతి చేతికొచ్చిన రోజుల్లోనే ఒక సాయంత్రం చిన్నాన్న మమ్మల్ని ఒడ్డుకు పిలిచాడు. డుంగీని ఇసుక మీద పక్కకు వాల్చి ఉంచారు. ఆయన మొలలోంచి చాకు తీసి అడుగు దుంగలో గుచ్చాడు. ఉడికిన చిలగడదుంపలో దిగినట్టు దిగింది. ఉప్పునీటి పురుగు లోపలంతా తొలిచేసింది.

"సూసావా అల్లుడా?"

"సూసాను మావా."

"వానలు తగ్గి వేట మొదలయ్యీలోపు మార్చాల. నీ సేతిలో డబ్బుంటే నువ్వే మార్పించు. నేను మారిస్తే ఏటవుతాదో నీకు నేను సెప్పాలా?"

"అక్కర్లేదు."

"నేనాగుతాను. ఎంత ఆగగలిగితే అంత ఆగుతాను. నా కొడుకులు మాత్రం ఆగరు. నాన్నా, నీకు అల్లుడే ముద్దేటి అని ఇంట్లో రోజూ గొడవ." ఆయన చాకు తుడుచుకుని నన్ను చూశాడు. "ఏరా లెక్కలోడా, నీ ఆఫీసోళ్లు ఏటంటన్నారు?"

"తవ్వకానికి పర్మిషన్ వచ్చింది చిన్నాన్నా. కొలిచేస్తే ఇంక అడ్డం లేదన్నారు."

"పక్కా?"

"పక్కా."

తవ్వడానికి కూలీలను పెట్టలేదు. బావ ఒక్కడే తవ్వాడు. పొద్దున్నే వెళ్లి, ముందుగా గోడకు దణ్ణం పెట్టి గునపం దింపాడు. డిస్పెన్సరీ వరండాలో చంటిపిల్లలతో కూర్చున్న బెంగాలీ తల్లులు వింతగా చూశారు. ఒకావిడ, "క్యా ఖోయా భయ్యా?" అని అడిగింది, ఏం పోగొట్టుకున్నావని. బావ చెయ్యి ఊపి తవ్వుతూనే ఉన్నాడు. పోటు వేళకు గోతిలోకి ఉప్పునీళ్లు ఊరాయి. నడుము లోతు నీళ్లలో నిలబడి కాలితో తడిమి అట్టడుగు రాయిని చూపించాడు. కొత్త జేఈ బూట్లు విప్పి దిగి కొలిచాడు. ఏడడుగులకు నాలుగు అంగుళాలు తక్కువ. అక్కడికక్కడే పుస్తకంలో రాసుకుని, "సారీ భయ్యా," అన్నాడు. ఆ మాట అనవలసినవాడు అతను కాదు.

గొయ్యి మళ్లీ నింపి, బావ చీకటిపడకుండా ఇంటికి వచ్చాడు. ఆ రాత్రి చాలా కాలానికి కూనిరాగం తీశాడు. అక్క నన్ను మోచేత్తో పొడిచి, "ఇన్నావా?" అంది.

వారం పోయాక డెలానీపూర్ వెళ్లాను. గుమాస్తా పీట లాగలేదు. తనే లేచి బయటికి వచ్చాడు.

"కొలత అయిపోయింది తమ్ముడూ. కానీ ప్లానులో ఉన్నదానికంటే ఎక్కువ చేసిన పనికి పై ఆఫీసు ఒప్పుకోవాలట. ఫైలు పైకి పంపారు."

"ఎప్పటికి వస్తుంది?"

"వస్తుంది. అది మాత్రం చెప్పగలను. ఎప్పుడని అడక్కు, నాకు అబద్ధం చేతకాదు."

వానలు తగ్గాయి. చిన్నాన్న ఇంకా ఆగాడు. వాడలో మిగతా డుంగీలన్నీ వేటకు వెళ్లిపోతుంటే, అది ఒక్కటీ ఇసుక మీదే ఉండిపోయింది. ఆయనకు వేరే డుంగీ లేదు, అది ఒడ్డున ఉన్నన్నాళ్లూ ఆయన ఇంట్లోనూ మా ఇంట్లోనూ చేప లేదు. ఒక పొద్దున బావ తనే వెళ్లి వాళ్ల వాకిట్లో నిలబడ్డాడు.

"మార్పించీ మావా."

"ఇంకో వారం సూద్దారి."

"ఒద్దు. నీ మనవలు గంజి తాగుతున్నారు. నాకు తెలీదేటి?"

పడౌక్ దుంగ వచ్చింది. వడ్రంగి పాత దుంగను ఊడదీసేటప్పుడు రెండో కొస పట్టుకుంది బావే. చిన్నాన్న కోడలు పసుపు రాస్తుంటే కొంచెం దూరంగా నిలబడ్డాడు. నీళ్లలోకి తోసేటప్పుడు మాత్రం అందరితో పాటు భుజం ఆనించాడు. అక్క ఒడ్డుకు రాలేదు. ఇంట్లో అంట్ల చప్పుడు మాత్రం వీధిలోకి వినపడింది.

చివరి బిల్లు ఆ తరువాత, అదే వేట కాలం ముగియకుండానే పాసైంది. ఏడడుగులకు నాలుగు అంగుళాలు తక్కువ లోతుకు పూర్తిగా ఇచ్చారు. ఇంటికి తెచ్చుకుని నేను వరసగా మూడుసార్లు సరిచూశాను. రాయి, సున్నం, సిమెంటు, డిపాజిట్టు, అన్నీ ఉన్నాయి. ఎక్కడో ఒకచోట తప్పు దొరికితే బాగుండుననిపించింది. దొరకలేదు.

బావ డబ్బు తువాలులో కట్టుకుని చిన్నాన్న దగ్గరకు వెళ్లాడు. నేనూ వెళ్లాను. తాకట్టు సొమ్ము, దాని మీద కొత్త దుంగ ఖరీదు, రెండూ ఆయన ముందు చాప మీద పెట్టాడు. చిన్నాన్న ముట్టుకోలేదు.

"తీసీ అల్లుడా. నాకు నువ్వు బాకీ లేవు."

"డుంగీ..."

"కోడలి సేత పసుపు రాయించీసినాను. ఇప్పుడిచ్చీస్తే ఆ పిల్ల సేత్తో పుట్టినదాన్ని ఇచ్చీసినట్టు. మా ఆడోళ్లు ఒప్పుకోరు. నా కొడుకులు అసలే ఒప్పుకోరు." డబ్బు బావ వైపు జరిపి అడిగాడు. "అప్పుడెప్పుడో తక్కువకి సంతకం పెడితే ఇచ్చీస్తామన్నారంట గదా. గుమాస్తా బాబు సెప్పినాడు. ఎందుకు పెట్టలేదు?"

"మూడో వంతు తక్కువొస్తాది. నీ డబ్బు పూర్తిగా కట్టలేను."

"అయితే? ఆ ఉన్నది తెచ్చి నా మొహాన పారీలేకపోనావా? దుంగ గట్టిగా ఉన్న రోజులు గదా అవి. డుంగీ ఇచ్చీసీవోడిని. అడగలేదేటి?"

"తాకట్టు పట్టినోడిని తగ్గించమని ఎలాగ అడుగుతాను మావా?"

చిన్నాన్న డబ్బు మళ్లీ తువాలులో కట్టి బావ చేతిలో పెట్టాడు. అడిగితే ఇచ్చేవాడని నాకు ఇప్పటికీ నమ్మకం. మావాళ్లెవరూ అడగరన్నది కూడా అంతే నమ్మకం. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి ఎన్నోసార్లు చూశాను, నాకు తెలిసిన ఏ లెక్కలోనూ అవి కలవలేదు.

తిరిగి వచ్చేటప్పుడు వేరే డుంగీ చేయించుకోవచ్చు కదా అన్నాను. కర్ర ధర అడుగుదామని ఇద్దరం డిపో దాకా పోయాం. బావ పని పట్టిన నాటికీ ఆనాటికీ పడౌక్ ధర బాగా పెరిగింది. చేతిలో ఉన్న డబ్బు పలకలకే సరిపోతుంది, అడుగు దుంగకు మిగలదు. బావ విని, దుకాణంలో బీడీ కట్ట కొనుక్కుని, ఇంటికి నడిచాడు.

మర్నాడు యథాప్రకారం వేటకు పోయాడు. ఒడ్డున చిన్నాన్న చుక్కాని చూపించి, "ఇయ్యాల నువ్వు పట్టుకో అల్లుడా," అన్నాడు. కొడుకులు కూడా జరిగి చోటిచ్చారు. బావ తల అడ్డంగా ఊపి, నీళ్లలో నడుచుకుంటూ వెళ్లి ముందు కొసన ఎక్కి కూర్చున్నాడు. ఆ తరువాత ఎనిమిదేళ్లు వేటకు వెళ్లాడు, అక్కడే కూర్చున్నాడు.

ఆ డబ్బు అక్క ఇంట్లో ఎక్కడో దాచింది. తరువాత పైకప్పు రేకులకు కొంత, పిల్లల బడికి కొంత ఖర్చుపెట్టింది. ఖర్చుపెట్టిన ప్రతిసారీ బావకు చెప్పేది. అతను ఊఁ అనేవాడు. ఇంకా ఎంత మిగిలిందని గానీ, ఎక్కడ పెట్టావని గానీ ఒక్కసారి కూడా అడగలేదు.